మీకు తెలుసా? పాస్తా దేశంలో గోధుమ లేని భోజనం

పాస్తా, పిజ్జాల పుట్టిల్లు ఇటలీ. గోధుమ పడనివాళ్లు అక్కడికెళ్తే పస్తులే అనుకుంటాం. నిజానికి వాళ్లు కాస్త నిశ్చింతగా తినగలిగే దేశాల్లో అదొకటి!

సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ వల్ల చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. ఇటలీ 2005లోనే వీరి కోసం 123వ నంబరు చట్టం తెచ్చింది. బడులు, ఆసుపత్రుల క్యాంటీన్లలో అడిగినవారికి గ్లూటెన్ లేని భోజనం పెట్టాలంది. అక్కడి రోగులకు గ్లూటెన్ లేని సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం నెలనెలా కొంత సాయం కూడా చేస్తుంది. ఎంత మంచి ఏర్పాటు!

ప్రయాణికులు ‘సెన్జా గ్లూతినే’ అన్న మాట గుర్తుపెట్టుకుంటే చాలా మేలు. గ్లూటెన్ లేనిదని అర్థం. ఐరోపా సమాఖ్యలో ప్యాకెట్ మీద ఆ మాట రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. హోటల్లో మాత్రం ఇంకో ప్రశ్న తప్పక అడగాలి: మామూలు పాస్తా ఉడికించిన నీళ్లలోనే గ్లూటెన్ లేని పాస్తానూ ఉడికిస్తున్నారా?

జపాన్‌లో చిక్కు వేరు. అన్నం భద్రమే, కానీ మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది.

విదేశంలో ఇడ్లీ సాంబారు దొరికినా వాకబు చేయాల్సిందే. ఇడ్లీలో ఉండేది బియ్యం, మినపప్పే. సాంబారులో వేసే ఇంగువ పొడిలో మాత్రం చాలాసార్లు గోధుమ పిండి కలుస్తుంది.