వంటింటి తూము నుంచి సముద్రం దాకా

అంట్లు తోమిన నీళ్లు, బట్టలుతికిన సబ్బు నురగ, స్నానాల నీళ్లు, మరుగుదొడ్డి నీళ్లు... తూములోకి జారిపోగానే మన పని అయిపోయిందనుకుంటాం. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలని లెక్క. అందులో 80 శాతం మురుగుగా బయటికొస్తుంది. నలుగురున్న ఇంటి నుంచి రోజుకు 430 లీటర్ల పైమాటే! విశాఖలాంటి ఊళ్లో అదంతా ఎటు పోతుంది? పల్లం ఎటుంటే అటు. అంటే సముద్రంలోకే.

దారిలో దాన్ని ఆపి, శుభ్రం చేసి పంపేదే మురుగు శుద్ధి కేంద్రం. విశాఖలో అప్పూఘర్ దగ్గర, బీచ్‌కు దగ్గర్లోనే అలాంటిదొకటి ఉంది. పక్కనుంచి వెళ్తూ ముక్కు మూసుకుంటాం గానీ, ఇలాంటి కేంద్రాల్లో జరిగే పని ఇంచుమించు మన వంటింటి పనే.

ముందు ఇనుప కడ్డీల జల్లెడ. గుడ్డపీలికలు, ప్లాస్టిక్ సంచులు అక్కడ ఆగిపోతాయి. తర్వాత ఇసుక అడుగుకు దిగుతుంది. అసలు కథ గాలి తొట్టెలో ఉంది. నీళ్లలోకి నిరంతరం గాలి పంపుతుంటే, ఆ గాలితో బతికే కోట్లాది సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి. తిని ముద్దకట్టి, పక్క తొట్టెలో అడుగున పేరుకుంటాయి. పైన తేరిన నీటిని వంచేసి, అడుగు ముద్దలో కొంత మళ్లీ గాలి తొట్టెలో కలుపుతారు. రేపటి తోడుకని మనం ఒక గరిటె పెరుగు దాచుకోమూ, అచ్చం అలాగే! చివర్లో క్లోరిన్ కలిపి రోగక్రిములను చంపుతారు.

మురుగును తిన్నగా సముద్రంలోకి వదిలేస్తే? సూక్ష్మజీవులు అక్కడా ఇదే పని చేస్తాయి. కానీ అక్కడ గాలి పంపేదెవరు? చేపలు పీల్చుకోవాల్సిన ప్రాణవాయువునే అవి వాడేసుకుంటాయి. మురుగులోని నత్రజని, భాస్వరం నాచుకు ఎరువవుతాయి. ఆ నాచు చచ్చి కుళ్లితే ఉన్న కాస్త ప్రాణవాయువూ పోతుంది. నీటిని వడగట్టుకుని బతికే ఆలుచిప్పల్లో రోగక్రిములు చేరతాయి. ఆ నీళ్లలో ఆడిన పిల్లలకు విరేచనాలు, చెవిపోటు, చర్మవ్యాధులు రావచ్చు. ఒడ్డు దగ్గర చేప దొరక్కపోతే పడవ ఇంకా లోపలికి పోవాలి. డీజిల్ ఖర్చు పెరిగితే కోత పడేది గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఆవిడ రాబడికే కదా!

2020లో రుషికొండ బీచ్‌కు ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు వచ్చింది. దానికి నీటి పరీక్ష తప్పనిసరి. 100 మిల్లీలీటర్ల నీటిలో ‘ఇ-కోలి’ బ్యాక్టీరియా లెక్క 250 దాటకూడదు. అది మనుషుల, జంతువుల పేగుల్లో ఉండే జీవి. నీళ్లలో కనిపించిందంటే మురుగు కలిసినట్టే.

ఎంత మంచి కేంద్రమైనా తన దాకా వచ్చిన నీటినే బాగుచేయగలదు. భూగర్భ డ్రైనేజీకి బదులు వాన నీటి గెడ్డలోకి గొట్టం పెట్టేసిన ఇంటి మురుగు తిన్నగా కెరటాల్లోకే పోతుంది. ఇక వేపుడు నూనె, శానిటరీ నాప్‌కిన్లు గొట్టాలను పూడ్చేస్తాయి. పెద్దమొత్తంలో యాసిడ్లు, పెయింట్లు వచ్చి పడితే గాలి తొట్టెలో సూక్ష్మజీవులే చచ్చిపోతాయి.

మీ ఇంటి నీళ్లు ఎటు పోతున్నాయో చూడాలంటే ఒక ఉపాయం ఉంది. బకెట్ నీళ్లలో కాస్త మిఠాయి రంగు కలిపి తూములో పోయండి. ఒకరిని వీధి కాలువ దగ్గర నిలబెట్టండి. అపార్టుమెంటైతే అసోసియేషన్ వాళ్లనే పిలవండి. రంగు అక్కడ తేలిందో, ఇక ప్లంబరును పిలిపించి, డ్రైనేజీ కనెక్షన్‌కు కార్పొరేషన్‌లో దరఖాస్తు పెట్టాల్సిందే.