కాటన్ అను నింటిపేరు

గోదావరి మండలములలో కాటన్ దొర పేరు వినని యిల్లుండదు. ధవళేశ్వరమున నానకట్ట గట్టించిన ఆ యింజనీరుగారి విగ్రహములు కాలువగట్లమీదను, ఊళ్ల కూడళ్లలోను నేటికిని పూలదండలు వేయించుకొనుచున్నవి. అయినను ‘కాటన్’ అను మాటకు అర్థమేమని యడిగినచో చాలమంది ‘ప్రత్తి’ యనియే చెప్పుదురు. మా యింటివారి తరగతిలో బాలురు ఆయనను ప్రత్తిదొర యని చెప్పుకొని నవ్వుకొందురట. మాట వినుట కింపుగనే యున్నది గాని, ఆ వంశమునకును ప్రత్తికాయకును ఏ చుట్టఱికమును లేదు.

పూర్వ మాంగ్లేయులకు ఇంటిపేళ్లు లేవు. ఒకనికి ఒక్క పేరే. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట దొరలు తమ తమ జమీలను బట్టి రెండవ పేరును తగిలించుకొనిరి. అది తండ్రినుండి కొడుకునకు సంక్రమింపసాగినది. క్రమముగా సామాన్యులలోనికిని వ్యాపించి, 1400 ప్రాంతమునకు ఆ దేశమున పెక్కు కుటుంబములకు ఇంటిపేళ్లు కుదిరినవి. కొన్ని వృత్తినిబట్టి వచ్చినవి, కొన్ని తండ్రిపేరునుబట్టి, కొన్ని ఒడ్డుపొడవులను రంగునుబట్టి. ఊరినిబట్టి వచ్చినవి మాత్రము లెక్కకు మిక్కిలి. కాటన్ ఆ తెగలోనిది.

ప్రాచీనాంగ్లభాషలో ‘కాట్’ అనగా గుడిసె. దానికి బహువచనమున విభక్తి చేరగా ‘కాటుమ్’ అగును. ‘గుడిసెలయొద్ద’ అని దాని తాత్పర్యము. నాలుగు గుడిసెలున్న చోటికెల్ల ఈ పేరే పెట్టుటచేత కేంబ్రిడ్జి, చెషైరు, స్టాఫర్డుషైరు మొదలగు సీమలలో కోటన్, కాటన్ అను పల్లెలు వెలసినవి. ఆ పల్లెలనుండి వచ్చినవారు కాటన్‌వారు. వ్యాకరణము చదువుకొనిన సోదరీమణులకు ఇందొక వింత తోపక మానదు. కందుకూరు అను నూరినుండి వచ్చినవారిని మనము కందుకూరు వారనము, కందుకూరివారందుము. ఊరు శబ్దము ఔపవిభక్తికమై ఊరి యైనది. ఆంగ్లేయుల పల్లెపేరును విభక్తితోడనే నిలిచిపోయినది. సముద్రముల కావల నున్న రెండు జాతులవారు ఒండొరుల నెఱుగకయే ఒకే త్రోవను నడచిరి. ‘కాటేజి’ యను మాటయు, పావురముల గూటికి వారు చెప్పు మాటలోని ‘కోట్’ అను తుదిభాగమును ఈ కుదురునుండి పుట్టినవే. కోట్స్, కాటమ్ అను నింటిపేళ్లు దీనికి దాయాదులు.

ఇక ప్రత్తి. ఆ మాట అరబ్బుల ‘కుత్న్’. ఫ్రెంచివారి నోట పడి, పదునాలుగవ శతాబ్దప్రాంతమున ఇంగ్లండు చేరినది. అప్పటికే కాటన్ పల్లెలు వెలసి కొన్ని వందల యేండ్లు గడచినవి. వేఱు వేఱు చెట్ల కొమ్మలు రెండు గాలికి ఒకదానినొకటి తాకినట్లు, ధ్వని మాత్రము కలిసినది.

ఈ పేరు స్మిత్, జోన్స్ అనువానివలె వీథివీథిని వినవచ్చునది కాదు. మనము బ్రౌన్ దొరను కాటన్ దొరను ఒక్క వరుసను తలతుము గాని, వారి దేశమున బ్రౌనులు కోకొల్లలు, కాటనులు అరుదు. అరుదైనను, ఈ పేరు దాల్చినవారు చేసిన పనులు చిన్నవి గావు.

వారిలో మాకు మిక్కిలి యిష్టుడు సర్ రాబర్ట్ కాటన్ (1571–1631). ఆయన తాను స్కాట్లండు రాజగు బ్రూస్ వంశమువాడనని చెప్పుకొని, నడుమ ‘బ్రూస్’ అను మాటను గూడ చేర్చుకొనెను. గొప్పవంశమున పుట్టితిమని చెప్పుకొను నాస యే దేశమున లేదు గనుక! ఆ చాపల్యమును మన్నింపవచ్చును. ఏలయన, మఠములు మూతపడి వ్రాతప్రతులు చెల్లాచెదరైపోవుచున్న కాలమున వానిని వెదకి వెదకి కూర్చినవా డాయన. ఆయన గ్రంథాలయమున ఒక్కొక్క బీరువామీద ఒక్కొక్క రోముచక్రవర్తి శిరోవిగ్రహముండెడిది. ఏ పుస్తకము కావలసినను చక్రవర్తి పేరు చెప్పి తెప్పించుకొనెడివారు. నేటికిని ఆ ప్రతుల గుర్తులలో ఆ చక్రవర్తుల పేళ్లే యున్నవి. బేవుల్ఫ్ అను ప్రాచీనకావ్యమునకు లోకములో నున్న ప్రతి యొక్కటే. అది యాయన సేకరించినది, విటెల్లియస్ బీరువాలోనిది. పాతపత్రములనుండి ప్రజలు తమ హక్కులను తెలిసికొందురేమో యని శంకించి మొదటి చార్లెసు రాజు 1629లో ఆ గ్రంథాలయమునకు తాళము వేయించెను. తన పుస్తకములను తిరిగి పొందకయే రాబర్టు రెండేండ్లకు కాలధర్మము నొందెను. ఆయన మనుమడు వానిని దేశమున కిచ్చివేసెను. 1731లో నిప్పంటుకొని కొన్ని ప్రతులు బూడిదయైనవి. బేవుల్ఫ్ అంచులు కమిలినను బ్రదికి బయటపడినది. 1753లో బ్రిటిష్ మ్యూజియమునకు పునాదియైన సంపుటములలో నివి చేరినవి.

ఇదే యింటిపేరుగల జాన్ కాటన్ అను మతాచార్యుడు 1633లో ఇంగ్లండు విడిచి అమెరికాలోని మసాచుసెట్సు చేరెను. ఆయన కూతురు మరియా మేథర్‌వారి కోడలయ్యెను. 1663లో పుట్టిన తన కుమారునకు పెట్టిన పేరు ‘కాటన్’! తల్లి పుట్టినింటిపేరు బిడ్డకు పిలుపుపేరై నిలిచినది. ఈ కాటన్ మేథర్ మంత్రగత్తెలను విచారించి ఉరితీయించిన కాలమున వాద మాడిన తీరు మెచ్చదగినది కాదు. కాని 1721లో బోస్టనున మశూచికము చెలరేగినప్పుడు, తన యింట బానిసగా నుండిన ఒనేసిమస్ అను ఆఫ్రికావాడు చెప్పిన మాట నమ్మి, టీకా వేయించుకొండని ఊరివారిని ప్రోత్సహించినవాడు నీతడే. జబ్డియల్ బాయ్‌ల్‌స్టన్ అను వైద్యుడు ముందుగా తన కొడుకునకే టీకా వేసెను. జనులు కోపించి మేథరు ఇంటిలోనికి బాంబు విసరిరి. అది పేలలేదు. బిడ్డలకు అమ్మవారు పోసిన యింట నిదురలేని రాత్రులు గడపిన తల్లుల కథలు పెద్దలవలన విన్నవారము. బానిస చెప్పిన మాటను చెవినిబెట్టిన వానియెడ మాకు కొంత మెత్తదనము కలుగుచున్నది.

మన కాటన్ దొర కాంబర్‌మియర్ కాటన్‌వారి శాఖవాడు. 1826లో భరత్‌పురము కోటను పట్టిన సేనాపతి స్టేపుల్టన్ కాటన్ ఆయనకు పెదతండ్రి కుమారుడు. ఆర్థర్ 1803లో పుట్టి, 1821లో మద్రాసు చేరెను. గోదావరి మండలములు కఱవులకు పాడుపడిన పిమ్మట 1847లో ప్రారంభించి 1852 నాటికి ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరములయొద్ద నాలుగు పాయలకు అడ్డముగా నానకట్ట ముగించెను. గోదావరి స్నానమున ఆయనను భగీరథునితో పోల్చి స్మరించిన పండితులు కలరు. నేడచ్చటి క్రొత్త బ్యారేజికిని ఆయన పేరే. మఱియొక శాఖవాడు సర్ హెన్రీ కాటన్, కుంభకోణమున జన్మించి, 1904లో బొంబాయి కాంగ్రెసున కధ్యక్షుడయ్యెను. గౌహతిలో 1901లో వెలసిన కాటన్ కళాశాల ఆయన పేరిటిది. ప్రత్తిపంటను బోధించు బడి యని యెవ్వరును భ్రమింపకుందురు గాక.

ఇంగ్లండునను పెండ్లితో స్త్రీ యింటిపేరు మాఱుట శాసనము గాదు, ఆచారము మాత్రమే. మా పుట్టినింటిపేరును కడపట మా శుభలేఖయందే చూచితిమి. తేనీటిలో పాషాణము కలిపి పెక్కుమందిని చంపి, 1873లో డర్హాములో ఉరితీయబడిన మేరీ ఆన్ కాటన్ పేరు ఆ దేశమున పిల్లలకును తెలియును. ఆ పేరు ఆమెకు పెండ్లితో వచ్చినదే. కాటన్‌వారి యింట పుట్టలేదు, అపకీర్తి మాత్రము వారి పేరిట నిలిచినది. ఆర్థర్ కాటన్ కూతురు ఎలిజబెత్ విషయము దీనికి విరుద్ధము. ఆమె 1842లో టాస్మేనియా ద్వీపమున జన్మించి, 1877లో హోప్ అను నౌకాధిపతిని పెండ్లాడి లేడీ హోప్ అయ్యెను. ఆయన మరణానంతరము 1893లో డెన్నీ యను వ్యాపారిని వివాహమాడియు, లేడీ హోప్ అనియే పిలువబడెను. 1899లో తండ్రి పోగా, మఱుసటియేడు ఆయన చరిత్రమును వ్రాసి ప్రకటించినది ఈమెయే. ఆనకట్ట కథ వ్రాయు మనవారు నేటికిని ఆ గ్రంథమునే తిరుగవేయుదురు. దాని ముఖపత్రమున తండ్రి పేరిట కాటన్ కలదు, వ్రాసిన కూతురి పేరిట లేదు.