వాకిలి దాకా వచ్చింది.. వెనకింటికి చేరలేదు!

రాతిగోడల మధ్య ఆగిన ఇంటర్నెట్ - తీగ లాగితే తీరిన తిప్పలు

హొళగుంద: వీధిలోని కరెంటు స్తంభం నుంచి ఇంటి వాకిలి దాకా ఇంటర్నెట్ తీగ రావడానికి ఒక్క పూట పట్టింది. అదే ఇంటర్నెట్ పడసాల దాటి, దొడ్డి దాటి, వెనక గదిలోని టీవీకి చేరడానికి మాత్రం నెలపైగా పట్టింది. హొళగుందలో ఒక కూలీ కుటుంబం పడిన అవస్థ ఇది. ఈ ప్రాంతంలో పాత మిద్దెలున్న మరి కొందరి అవస్థ కూడా ఇదేనని పలువురు చెబుతున్నారు.

ఆ ఇంటి దంపతులు సంక్రాంతి ముగియగానే గుంటూరు వైపు మిరపకోతలకు సుగ్గికి వెళ్లారు. పదో తరగతి చదువుతున్న కూతురిని అవ్వాతాతల వద్ద వదిలారు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. గత ఏడాది సుగ్గి డబ్బుతో వాయిదాల మీద స్మార్ట్ టీవీ కొన్నది ఆ పిల్ల లెక్కల పాఠాలు పెద్ద తెర మీద చూసి నేర్చుకోవాలనే. తీరా టీవీ పెడితే, పాఠం మొదలైన రెండు నిమిషాలకు బొమ్మ ఆగిపోయి చక్రం తిరగసాగింది. ‘‘ఆ చక్రం తిరిగేది చూసి చూసి పిల్ల ఏడ్చేది నాయనా. వాళ్ల నాయన రోజూ ఫోన్ చేసి టీవీ పలుకుతోందా అని అడుగుతాడు. ఏమని చెప్పేది?’’ అని అవ్వ వాపోయింది.

గోడే అడ్డు

కనెక్షన్ ఇచ్చినవారు వైఫై డబ్బాను వాకిలి పక్కనే గోడకు బిగించి వెళ్లారు. టీవీ ఉన్నదేమో దొడ్డికి అవతల, నడవలేని తాత పడుకునే గదిలో. నడుమ రెండు రాతిగోడలు. మూరెడు మందమున్న ఈ గోడలు ఎండాకాలం ఇంటిని చల్లగా ఉంచుతాయి గాని వైఫై తరంగాలను మింగేస్తాయి. రాయి, తడిసిన మట్టి, ఇనుప బీరువా వంటివి ఈ తరంగాలకు పెద్ద అడ్డంకులు. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ తరంగాలకు వేగం ఎక్కువ, కాని గోడలను దాటే శక్తి తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త దూరం పోయినా వేగం తగ్గుతుంది.

టీవీని పడసాలలోకి మార్చవచ్చు కదా అంటే, ‘‘వచ్చేవాళ్లు పోయేవాళ్లు ఉండేచోట పిల్ల ఏం చదువుతుంది?’’ అన్నది అవ్వ. డబ్బానే వెనక్కి మార్చాలంటే తీగ పొడవు చాలలేదు. అది వెంట్రుకంత సన్నని గాజుపోగు. కరెంటు తీగలాగా మెలేసి అతికిస్తే పనికిరాదు. దానికి ప్రత్యేక యంత్రం కావాలి. ఇదిలా ఉండగా, ఎవరో చెప్పగా పట్టణంలోని దుకాణం నుంచి సిగ్నల్ పెంచే చిన్న యంత్రాన్ని కొనితెచ్చి టీవీ పక్కనే పెట్టారు. లాభం లేకపోయింది. తనదాకా రాని సిగ్నల్‌ను అది మాత్రం ఎలా పెంచగలదు?

తీగతో పరిష్కారం

చివరకు అదే వీధిలో ఉంటున్న ఐటీఐ చదివిన ఎలక్ట్రీషియన్ యువకుడు ఫోన్ పట్టుకొని గది గదికీ తిరిగి వేగం చూశాడు. పడసాలలో 30 ఎంబీపీఎస్ చూపిన ఫోన్, తాత గదిలో ఒకటికి పడిపోయింది. స్పష్టమైన హెచ్‌డీ బొమ్మకు సుమారు 5 కావాలి. ‘‘కనెక్షన్‌లో తప్పు లేదవ్వా, దారిలోనే తప్పుంది’’ అని తేల్చాడు. వైఫై డబ్బా నుంచి టీవీ వెనకనున్న రంధ్రం వరకు ల్యాన్ కేబుల్ లాగాడు. దొడ్డిలో ఎండకు, ఎలుకలకు చెడకుండా ప్లాస్టిక్ పైపులో పోనిచ్చాడు. ముప్పై మీటర్ల తీగ, పైపు కలిపి వెయ్యి రూపాయల లోపే ఖర్చయింది.

ఈ తీగ 100 మీటర్ల వరకు బాగా పనిచేస్తుంది. కొనేటప్పుడు అల్యూమినియంపై రాగి పూత పూసినది కాక, పూర్తి రాగి తీగ అడిగి తీసుకోవాలి. ఆరుబయట లాగిన రాగి తీగకు పిడుగు భయం ఉంటుంది కనుక ఉరుములు మెరుపుల వేళ దానిని రెండు చివరలా ఊడదీయడం మంచిది. కరెంటు పోతే డబ్బా కూడా ఆగుతుంది. దానికి చిన్న బ్యాటరీ యూపీఎస్ పెట్టుకుంటే టీవీ ఆగినా ఫోన్‌లో పాఠం సాగుతుంది.

ఒకనాటి టీవీ

మన పల్లెలకు దూరం నుంచి బొమ్మ రావడం కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్, కర్ణాటకతో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. ఊరంతా ఒక్క టీవీ ముందు కూర్చున్న రోజులవి. 2017 డిసెంబర్ 27న రాష్ట్రంలో ఫైబర్‌నెట్ ప్రారంభమైనప్పుడు కరెంటు స్తంభాల మీదుగానే గాజుతీగ వేసి, నెలకు రూ.149కే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ కలిపి ఇస్తామన్నారు. 2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు సప్తగిరి చానల్‌లో పాఠాలు వచ్చాయి. పల్లె పిల్లల చదువుకు టీవీ ఎంత అవసరమో అప్పుడే తెలిసింది.

కనెక్షన్ ఇచ్చేవారు మేకు కొట్టే ముందే టీవీ ఏ గదిలో ఉందో అడిగి, తీగను అక్కడిదాకా వేయాలని స్థానికులు కోరుతున్నారు. ఒక్క మాట అడిగి ఉంటే ఆ పిల్లకు నెల రోజుల చదువు మిగిలేది.

ఇప్పుడు సాయంత్రం ఆరు కాగానే వెనక గదిలో లెక్కల పాఠం మొదలవుతోంది. మంచంలోని తాతకు లెక్కలు అర్థం కాకపోయినా పాఠం అయ్యేదాకా మేలుకొనే ఉంటున్నాడు. గుంటూరు నుంచి ఫోన్ వస్తే అవ్వ ఏమీ చెప్పదు. ఫోన్‌ను టీవీ దగ్గరగా పెట్టి వినిపిస్తుంది.