సెన్సార్ మార్చేముందు తీగను చూడండి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో తక్కువ ధరకు దొరికే సెకండ్ హ్యాండ్ కార్లలో ఏపీ 36 నంబరువి ఇప్పటికీ కనిపిస్తాయి. అవి 2014 జూన్‌కు ముందు ఉమ్మడి వరంగల్ జిల్లాలో రిజిస్టరైన బండ్లు. ఇంత పాత కారులో మీటర్ లైట్లు వెలిగితే మొదట వినిపించే మాట ‘సెన్సార్ పోయింది’. చాలాసార్లు చెడేది సెన్సార్ కాదు, దాని తీగో కనెక్టరో ఎర్తో. అందుకే పరీక్షకు ఒక వరుస కావాలి. తక్కువ ఖర్చుతో తేలేవి ముందు, ఖరీదైనవి చివర.

మొదట బ్యాటరీ. వోల్టేజీ, కరెంటు, నిరోధం కొలిచే మల్టీమీటర్ ఒకటి చాలు. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12 వోల్టులే ఉంటే దాదాపు ఖాళీ అయినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే తగ్గకూడదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. వోల్టేజీ పడిపోతే బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సంబంధం లేని లైట్లను వెలిగిస్తాయి.

తర్వాత ఎర్త్, అంటే కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగివచ్చే దారి. మీటరు ఒక మొనను బ్యాటరీ నెగటివ్‌కు, రెండోదాన్ని ఇంజిన్ మీద రంగు లేని లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపితే ఎర్త్ తీగ వదులైంది, లేదా తుప్పుపట్టింది. బోల్టు విప్పి, గీకి శుభ్రం చేసి బిగిస్తే సరిపోయే పని ఇది.

ఆపి ఉంచిన బండిలో బ్యాటరీ దిగిపోతుంటే, తాళం తీసి అరగంట ఆగాక ఎంత కరెంటు లాగుతోందో కొలవాలి. 50 మిల్లీ ఆంపియర్ల వరకు సహజమే. అర ఆంపియరు లాగితే 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ 70 గంటల్లో ఖాళీ అవుతుంది. ఒక్కో ఫ్యూజు తీస్తూ మీటరు చూస్తే, ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె పడిపోతుందో తప్పు ఆ దారిలోనే ఉంటుంది. బండి కొన్నాక బిగించిన మ్యూజిక్ సిస్టమ్, రివర్స్ కెమెరాల తీగలను, మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లను ముందుగా చూడండి.

ఇవి సరిగా ఉన్నాకే స్కానర్ పెట్టాలి. బండి తన తప్పులను తానే నమోదు చేసుకునే ఏర్పాటును ఓబీడీ అంటారు. మన దేశంలో భారత్ స్టేజ్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి అయింది. అంతకు ముందటి బండైతే స్కానర్‌కు అన్ని వివరాలూ రాకపోవచ్చు.

స్కానర్ చూపే కోడ్ తప్పు ఉన్న సర్క్యూట్‌ను చెబుతుంది, మార్చాల్సిన భాగాన్ని కాదు. ఉదాహరణకు పీ0118 అంటే ఇంజిన్ ఉష్ణోగ్రత సెన్సార్ సర్క్యూట్‌లో వోల్టేజీ ఎక్కువగా ఉందని అర్థం. అప్పుడు స్కానర్‌లో ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీల దగ్గర కనిపిస్తుంది. ఆ రెండు తీగల సెన్సార్ కనెక్టరు ఊడదీసి, తీగల వైపు పిన్నులు రెండింటినీ చిన్న వైరు ముక్కతో కలపండి. అంకె ఒక్కసారిగా 120 దాటితే తీగలు, కంప్యూటర్ బాగున్నాయి, సెన్సారే మార్చాలి. మైనస్ 40 కదలకపోతే కొత్త సెన్సార్ కొన్నా ఫలితం ఉండదు, తెగిన తీగనో వదులైన పిన్నునో వెతకాలి.

కొనేముందే చూడాల్సింది మరొకటి. తాళం తిప్పగానే చెక్ ఇంజిన్ లైటు వెలగాలి, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దాన్ని ఎవరో పనిచేయకుండా చేసి ఉండవచ్చు. స్కానర్‌లో బండి స్వీయ పరీక్షలు ‘పూర్తి కాలేదు’ అని చూపితే, ఈ మధ్యే కోడ్‌లు చెరిపారు లేదా బ్యాటరీ విప్పారు.

ఈ జిల్లాల్లో నీటి సంగతి మరవకూడదు. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు మొత్తం వరదలో చిక్కుకుంది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు పొంగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. నీట మునిగిన కారు ఆరాక నడవవచ్చు, కాని కనెక్టర్లలో చిలుము నెలల తర్వాత బయటపడుతుంది. సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింద బురద, సీటు బెల్టును పూర్తిగా లాగితే కనిపించే మరక, ఫ్యూజు బాక్సులో పచ్చని పొడి చూడండి. ఇవి కనిపిస్తే ధర ఎంత తగ్గినా ఆ కారు వద్దు.

ఎయిర్‌బ్యాగ్‌కు వెళ్లే పసుపు రంగు కనెక్టర్లను మాత్రం మీరు ముట్టుకోకండి, తెలిసిన మెకానిక్‌కే వదలండి. మిగతా ఏ భాగం మార్చాలన్నా ముందు మీటరు అంకె చూపించమని అడగండి. కొలత లేకుండా చెప్పిన తప్పుకు డబ్బు కట్టకండి.