కొసలు లేని దారం

పూలు గుచ్చుతున్నంతసేపు దారానికి రెండు కొసలుంటాయి. ఆ రెండింటినీ ముడివేయగానే అది దండ అవుతుంది. ఇక మొదలేదో, తుది ఏదో చెప్పలేము. మన జీవకణాలలో కూడ ఇటువంటి దండలున్నాయి. వాటిని వలయాకార ఆర్.ఎన్.ఏ.లు అంటారు.

జన్యువులోని సమాచారం డి.ఎన్.ఏ. నుండి ఆర్.ఎన్.ఏ.కు, దాని నుండి ప్రోటీనుకు చేరుతుందని జీవశాస్త్రంలో చదువుకొన్నాం. ఆర్.ఎన్.ఏ. తయారయ్యేటప్పుడు కణం ఇంట్రాన్లనే భాగాలను కత్తిరించి, ఎక్సాన్లనే భాగాలను వరుసగా అతుకుతుంది. రెండవదాని తరువాత మూడవది, మూడవదాని తరువాత నాలుగవది రావడం నియమం. కాని ఒక్కొక్కప్పుడు నాలుగవ ఎక్సాన్ చివర వెనుకకు మళ్లి, రెండవ ఎక్సాన్ మొదలుతో కలుస్తుంది. అప్పుడు దారం వలయమవుతుంది. కొసల నుండి ఆర్.ఎన్.ఏ.ను తినివేసే ఎంజైములకు ఈ వలయంలో పట్టు దొరకదు. అందువల్ల అది మామూలు ఆర్.ఎన్.ఏ. కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

మొక్కలకు తెగుళ్లు కలిగించే వైరాయిడ్లలో ఇటువంటి వలయాన్ని 1976లోనే గుర్తించారు. 1979లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాయంతో ఉన్నత జీవుల కణాలలోనూ చూశారు. అయినా చాలాకాలం వాటిని కణం చేసిన పొరపాట్లుగానే ఎంచారు.

ఈ ఉపేక్షలో కంప్యూటర్లకూ కొంత పాలున్నది. ఆర్.ఎన్.ఏ.ను చదివే యంత్రాలు సాధారణంగా దానిని లక్షలాది చిన్న తునకలుగా చదువుతాయి. ఒక గ్రంథాన్ని ముక్కముక్కలుగా చింపి, ఏ ముక్క ఏ పుటలోనిదో పోల్చుకోవడం వంటిది ఈ పని. ఒక ముక్కలో నాలుగవ అధ్యాయపు చివరి మాటలు, వాటి వెంటనే రెండవ అధ్యాయపు తొలి మాటలు కనిపిస్తే ఏమనుకొంటాం? అచ్చుతప్పు అనుకొంటాం. నాటి ప్రోగ్రాములు కూడ అట్లే భావించి, వరుస తప్పిన తునకలను పక్కకు నెట్టేవి. 2012లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జూలియా సాల్జ్‌మన్, ఆమె సహచరులు పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌లో జన్యువుల తారుమారును వెదకుతూ, గణాంక పద్ధతులతో ఆ తునకలను పరిశీలించారు. క్యాన్సర్ కణాలలోనే కాక ఆరోగ్యవంతమైన కణాలలోనూ వలయాలు కుప్పలుగా బయటపడ్డాయి. వెదకినదొకటి, దొరికినదొకటి!

అయితే కంప్యూటర్ మాటను వెంటనే నమ్మరాదు. ప్రయోగశాలలో ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చేటప్పుడు కూడ దొంగ అతుకులు ఏర్పడవచ్చు. 2016లో ఐదు ప్రోగ్రాములకు ఒకే సమాచారాన్నిచ్చి చూడగా, వాటి జవాబుల మధ్య పెద్ద తేడాలు కనిపించాయి. అందుకే ఆర్.ఎన్.ఏజ్ ఆర్ అనే ఎంజైముతో పరీక్షిస్తారు. అది కొసలున్న దారాలను తినివేసి వలయాలను చాలావరకు విడిచిపెడుతుంది.

ఇక గుండె విషయం. 2007లో వేలాదిమంది జన్యు సమాచారాన్ని పోల్చిన పరిశోధకులు, తొమ్మిదవ క్రోమోసోమ్‌లోని ఒక చిన్న ప్రాంతానికి గుండెపోటుతో సంబంధమున్నదని కనుగొన్నారు. చిక్కేమిటంటే, ముప్పుతో ముడిపడిన ఆ భాగంలో ప్రోటీనును తయారుచేసే జన్యువే కనిపించలేదు. అక్కడున్నది ఆన్‌రిల్ అనే ఆర్.ఎన్.ఏ. మాత్రమే. 2010లో దానికి వలయరూపం కూడ ఉన్నదని తెలిసింది. ఆ వలయం ప్రోటీనులను తయారుచేసే రైబోసోముల నిర్మాణాన్ని మందగింపజేసి, రక్తనాళపు గోడలలో కణాల మితిమీరిన పెరుగుదలను అదుపు చేస్తుందని 2016లో జర్మనీ పరిశోధకులు చూపారు. అంటే అది ధమనులు పూడుకొనిపోకుండ కాపాడే పక్షంలో ఉన్నదన్నమాట.

గుండె కండరానికి సాగేగుణమిచ్చే టైటిన్ ప్రోటీను జన్యువు నుండి కూడ అనేక వలయాలు పుడతాయి. వాటిలో కొన్ని ఏర్పడడానికి ఆర్.బి.ఎం.20 అనే ప్రోటీను అవసరం. దాని జన్యువు చెడితే గుండె ఉబ్బి బలహీనపడే వ్యాధి వస్తుంది. వలయాలు లోపించడం వల్లనే వ్యాధి వస్తున్నదా, లేక రెండూ ఒకే లోపానికి వేర్వేరు ఫలితాలా అన్నది తేల్చవలసిన ప్రశ్న.

గుండె కండరం మందమవుతున్న ఎలుకలలో హెచ్.ఆర్.సి.ఆర్. అనే మరొక వలయం తగ్గిపోతుందని 2016లో చైనా పరిశోధకులు తెలిపారు. దానిని పెంచినప్పుడు వాపు తగ్గింది. అది మైక్రో ఆర్.ఎన్.ఏ.-223 అనే చిన్న అణువును పట్టి ఉంచడమే అందుకు కారణమని వారు వివరించారు. కాని ఎలుక గుండె నిమిషానికి ఐదువందలసార్లకు పైగా కొట్టుకొంటుంది. మన గుండె సుమారు డెబ్బైసార్లు. అక్కడ ఫలించినది ఇక్కడ ఫలిస్తుందో లేదో మానవ కణజాలంలోనే పరీక్షించి చూడవలసి ఉన్నది.