స్కానింగు గదిలోకి వెళ్లేముందు

"ఒక స్కానింగు రాయండి డాక్టరు గారూ" అని మనమే అడుగుతుంటాం. అడిగేముందు ఒక లెక్క తెలియాలి. ఇంట్లో ఊరికే కూర్చున్నా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనకు ఏడాదికి, ప్రపంచ సగటున, 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ అందుతూనే ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రేకు 0.1 లోపే. పొట్ట సి.టి. స్కాన్‌కు మాత్రం సుమారు 8 నుంచి 10, అంటే మూడు నాలుగేళ్ల వాటా ఒక్కసారిగా! అల్ట్రాసౌండ్, ఎం.ఆర్.ఐ.లలో ఈ బెడద లేదు.

అలాగని అవసరమైన సి.టి.కి వెనకాడకూడదు. తలకు దెబ్బ తగిలితే లోపలి రక్తస్రావాన్ని అది నిమిషాల్లో పట్టిస్తుంది. మన అభ్యంతరమల్లా పాత ఫిల్ములను పెళ్లి పత్రికలతో కలిపి అటకెక్కించి, కొత్త ఆసుపత్రిలో మళ్లీ తీయించుకోవడం మీదే. గర్భమన్న అనుమానమున్నా స్త్రీలు మొహమాటపడకుండా ముందే చెప్పాలి. బిడ్డను కదలకుండా పట్టుకోవలసి వస్తే సీసపు ఏప్రాన్ వేసుకునే పట్టుకోవాలి. గర్భిణి అసలు పట్టుకోకూడదు.

ఎక్స్‌రే తీసేటప్పుడు టెక్నీషియన్ గోడచాటుకు తప్పుకుంటే కొందరికి కోపం. మనకు ఎప్పుడో ఒకసారి, ఆయనకు రోజూ అదే పని. దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది. ఆయనకు అందిన రేడియేషన్‌ను ఛాతీ మీది టి.ఎల్.డి. బ్యాడ్జి లెక్కగడుతుంది. మన దేశంలో సిబ్బందికి పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు; ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటరాదు. బ్యాడ్జి లేకపోతే ఆ లెక్కే ఉండదు. ఇమేజింగ్ డిప్లొమా చదివి ఉద్యోగాల్లో చేరే మన పిల్లలు జీతంతోపాటు బ్యాడ్జి సంగతీ మొదటిరోజే అడగాలి.