నవలకు ముందు ఓనమాలు

ఇరవై ఏళ్లుగా బడిలో వ్యాసరచన నేర్పుతున్నాను. ఇతరుల నవలల మీద సమీక్షల్లో "వస్తువు మంచిదే గాని శిల్పం బలహీనం" అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. నిరుడు వేసవి సెలవుల్లో నేనే ఒక నవల మొదలుపెట్టాను. మా ఇంటి అరుగు మీద, షావుకారు ఎదుట, నాన్న ప్రోనోటు మీద వేలిముద్ర వేసిన రాత్రి దాని ఆరంభం. నలభై పేజీలు అయ్యాక ఎర్రసిరా కలం పట్టుకు కూర్చుంటే, పిల్లల నోటుపుస్తకాల్లో నేను సహించని తప్పులన్నీ అందులో ఉన్నాయి.

వాటిలో పెద్దది దృష్టికోణం. ఎవరు చూస్తున్నారు, వారికి ఎంత తెలుసు అన్న ప్రశ్న అది. ఉత్తమ పురుష, ప్రథమ పురుష, సర్వసాక్షి అని విభజిస్తే పరీక్షకు చాలు, రాసేవాడికి చాలదు. చదువురాని నాన్న నా అధ్యాయంలో ప్రోనోటులోని షరతును లోలోపల తర్కించాడు. అమ్మ దోపిడీ గురించి ఉపన్యాసమిచ్చింది, అదీ శిష్ట వ్యావహారికంలో! ఆ రాత్రి అమ్మ ఏమందో నాకు తెలియదు, నిద్రపోయాను. మాట్లాడింది అమ్మ కాదు, ఎం.ఏ. చదివిన నేను.

అప్పుడు "యజ్ఞం" మళ్లీ చదివాను, ఈసారి విమర్శకుడిగా కాదు, వడ్రంగి దగ్గర పనికి చేరిన కుర్రాడిలా. ఆ కథలో కాళీపట్నం రామారావు గారు గ్రామాభివృద్ధినీ, శ్రీరాములునాయుడి పెద్దరికాన్నీ ఊరు చూసినట్టే మనకు చూపిస్తారు. మనమూ నమ్ముతాం. అప్పల్రాముడు పంచాయితీలో నోరు విప్పాక అదే అప్పు, అదే ధర్మం మరో రూపంలో కనిపిస్తాయి. నాయుడు దుర్మార్గుడని రచయిత ముద్ర వేయడు. వేసివుంటే, చెడ్డ మనిషిని మారిస్తే చాలునని పాఠకుడు తప్పించుకునేవాడు. న్యాయంగా కనిపించే ఏర్పాటులోనే అన్యాయం ఉందన్న ఎరుక, చూసే చోటు మారడం వల్ల కలిగింది. ఇక్కడ వస్తువునూ శిల్పాన్నీ ఎలా విడదీస్తాం? విడదీసి మార్కులు వేసిన నా పాత సమీక్షలు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. ఒకే మనిషి భయంలోంచి లోకాన్ని నవల పొడవునా చూడటం ఎలాగో తెలియాలంటే రావిశాస్త్రి గారి "అల్పజీవి" ఉంది. అదీ మళ్లీ చదువుతున్నాను.

నవల పక్కన పెట్టి ఇప్పుడు ఒకే అభ్యాసం చేస్తున్నాను. ఆ రాత్రిని ముగ్గురి వైపు నుంచి, తలా ఒక పేజీ రాయడం. షావుకారు పేజీ సులువుగా వచ్చింది. అంత సులువుగా ఎందుకొచ్చిందో నేను ఆలోచించుకోవాలి. నాన్న పేజీలో లాంతరు వెలుగు, సిరా తడి, బొటనవేలిని పట్టి నొక్కిన పరాయి చెయ్యి, అంతే. వడ్డీ అన్న మాట ఒక్కసారే వచ్చింది, అదీ షావుకారు నోట. అమ్మ పేజీ నాలుగుసార్లు కొట్టేశాను. ఆమె తలుపు వెనక ఉంది, విన్నది కొంత, చూసింది ఇంకా తక్కువ. మొన్న ఆదివారం ఊరెళ్లి, ఆ రాత్రి అమ్మ ఏం చేసిందని మేనత్తను అడిగాను.

"ఏం జేస్తదిరా, సావుకారికి సల్ల పోసిచ్చింది" అంది.

ఐదోసారి అక్కడినుంచి మొదలుపెట్టాను.